ఒకే మాట ఇన్నిటికి పేరెలా అవుతుంది? అట్లాస్ అంటే మెడ ఎముకా, మ్యాపుల పుస్తకమా?

వెన్నెల_చదువు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోయిన వారం అమ్మకి మెడ స్కాన్ తీయించాం. కంగారు పడాల్సింది ఏమీ లేదన్నారు, అది వేరే సంగతి. డాక్టర్ గారు ఫిల్మ్ వెలుతురుకి పట్టి, పుర్రెకి సరిగ్గా కింద ఉన్న మొదటి ఎముక మీద వేలు పెట్టి "ఇది అట్లాస్" అన్నారు. పక్కనే ఉన్న మా అబ్బాయి "అట్లాస్ అంటే మ్యాపుల పుస్తకం కదా?" అని అడిగాడు. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు కాబట్టి ఆ మాట అక్కడితో ఆగిపోయింది, కానీ నా బుర్రలోంచి మాత్రం పోలేదు.

ఇంటికొచ్చి వెతికితే ఉత్తర ఆఫ్రికాలో అట్లాస్ పర్వతాలు, అమెరికా వాళ్ల అట్లాస్ రాకెట్, శనిగ్రహం చుట్టూ తిరిగే అట్లాస్ అనే చిన్న చంద్రుడు, రెండు అరచేతులు చాపినంత రెక్కలున్న అట్లాస్ పురుగు, చివరికి ఒక రకం పట్టుబట్ట కూడా అట్లాసే! ఎముకకీ బట్టకీ ఏం సంబంధం? ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టేసుకున్నారా, లేక వీటన్నిటి వెనకా ఏదైనా దారి ఉందా? మన తెలుగులో కూడా ఇలా ఒకే మాట ఇన్ని చోట్ల తిరిగిందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, వాడికి సరైన జవాబు చెప్పాలని ఉంది.

పాతపటాలు

దారి ఉందండీ, కాకపోతే ఒకటే దారి కాదు.

మొదలు గ్రీకు పురాణం. దేవతలతో యుద్ధంలో ఓడిపోయిన పాతతరం మహాకాయులైన టైటాన్‌లలో అట్లాస్ ఒకడు, ఆకాశాన్ని భుజాల మీద మొయ్యమని దేవతల రాజు జ్యూస్ అతనికి శిక్ష వేశాడు. ఆకాశాన్ని అని మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది అతను భూమిని మోస్తున్నాడనుకుంటారు. నేపుల్స్ మ్యూజియంలో రోమన్ల కాలం నాటి పాలరాతి విగ్రహం ఒకటుంది, అందులో అతని భుజాల మీదున్న గోళాన్ని దగ్గరగా చూస్తే దాని నిండా నక్షత్రరాశుల బొమ్మలే చెక్కి ఉంటాయి, దేశాలూ సముద్రాలూ ఏవీ ఉండవు.

ఇక ఎముక సంగతి తేలిక. గుండ్రటి పుర్రె మొత్తం బరువు ఆ ఒక్క పూస మీదే ఆనుకుని ఉంటుంది, ఆ బొమ్మని మనసులో పెట్టుకునే పేరు పెట్టారు. పర్వతాల సంగతి ఇంకా పాతది. క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఆ కొండ గురించి రాస్తూ, దాని శిఖరం ఎప్పుడూ మబ్బుల్లోనే ఉంటుందనీ, అక్కడివాళ్లు దాన్ని ఆకాశానికి స్తంభం అంటారనీ చెప్పాడు. దాని అవతలి సముద్రాన్ని అట్లాస్ సముద్రం అన్నాడు, అదే అట్లాంటిక్. తర్వాత కథల్లో పెర్సియస్ అనే వీరుడు, చూసినవాళ్లని రాయిగా మార్చే మెడూసా తల చూపించి ఆ టైటాన్‌నే కొండగా మార్చేశాడని అల్లారు.

నాకు ఎక్కువ ఇష్టమైనది పుస్తకం కథ. మ్యాపుల పుస్తకానికి ఆ పేరు పెట్టింది మెర్కేటర్ అనే మ్యాపుల నిపుణుడు, అది అచ్చయింది 1595లో, అంటే ఆయన చనిపోయిన మరుసటి ఏడాది. అంతకు పాతికేళ్ల ముందే, 1570లో, ఓర్టీలియస్ అనే ఇంకో మ్యాపుల నిపుణుడు అలాంటి పుస్తకమే తెచ్చాడు కానీ దాన్ని అట్లాస్ అనలేదు, "ప్రపంచ రంగస్థలం" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచి ఉంటే మీ అబ్బాయికి ఈ సందేహమే వచ్చేది కాదు. అసలు విషయం ఏమిటంటే మెర్కేటర్ మనసులో ఉన్నది బరువు మోసే టైటాన్ కాదు. ఉత్తర ఆఫ్రికాలోని మారిటేనియాని ఏలాడని చెప్పే అట్లాస్ అనే రాజు, ఖగోళం తెలిసినవాడు, మొదటి ఖగోళ గోళం చేశాడని పేరున్నవాడు, ఆయన్ని తలచుకుని పెట్టిన పేరు. అంటే ఎముకా పుస్తకమూ ఒకే చెట్టు కొమ్మలే అయినా ఒకటి మోతవైపు, ఇంకోటి విద్యవైపు మొలిచాయి.

శనిగ్రహం చంద్రుడు వాయేజర్ అంతరిక్ష నౌక తీసిన ఫోటోల్లో 1980లో దొరికాడు, వలయం అంచుకి ఆనుకుని వలయాలను భుజాన మోస్తున్నట్టు ఉంటాడని ఆ పేరు. పురుగుకి 1758లో, జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ పెట్టాడు, దాని సైజు చూస్తే టైటాన్ గుర్తుకు రావడంలో వింతేమీ లేదు.

అక్షరాల_వెంట

పైన చెప్పినదంతా బాగుంది కానీ ఒక విషయంలో నేను ఒప్పుకోను. అన్ని పేర్లూ చెట్టుకి కొమ్మలు మొలిచినట్టు మొలవవు, కొన్నింటిని తెచ్చి అతికిస్తారు.

జెనీవా దగ్గరున్న కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో 2012లో హిగ్స్ అనే సూక్ష్మకణాన్ని పట్టుకున్న రెండు పెద్ద యంత్రాల్లో ఒకదాని పేరు అట్లాస్. అది పొడవాటి ఇంగ్లీషు పేరులోంచి అక్షరాలు ఏరుకుని కూర్చిన మాట, చివరి మాటలో అయితే మొదటి అక్షరాన్నీ ఆఖరి అక్షరాన్నీ కూడా తీసుకున్నారు. అంటే ముందు అట్లాస్ అనే పేరు కావాలనుకున్నారు, తర్వాతే అక్షరాలు సర్దారు. భూమిని ఢీకొట్టే ప్రమాదమున్న గ్రహశకలాలను కనిపెట్టే టెలిస్కోపుల వ్యవస్థ పేరూ ఇలాగే కూర్చిన అట్లాసే. ఆ వ్యవస్థ 2025 జూలైలో సౌరకుటుంబం బయటి నుంచి వచ్చిన ఒక తోకచుక్కని కనిపెట్టింది, కనిపెట్టిన వ్యవస్థ పేరు పెట్టడం ఆనవాయితీ కాబట్టి ఆ తోకచుక్క పేరులోనూ అట్లాస్ చేరింది. ఆ తోకచుక్కకీ దేన్నైనా మొయ్యడానికీ ఏ సంబంధమూ లేదు. పక్కవాడి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చినట్టు వచ్చింది ఆ మాట.

అమెజాన్ కూడా అంతే. గ్రీకు కథల్లో యుద్ధం చేసే ఆడవాళ్లు అమెజాన్లు. 1542లో ఒరెల్యానా అనే స్పెయిన్ అన్వేషకుడి బృందం ఆ మహానది మీద పడవల్లో వెళ్తూ తమతో ఆడవాళ్లు యుద్ధం చేశారని చెప్పింది, నదికి ఆ పేరు వచ్చింది. తర్వాత ఎప్పుడో ప్రపంచంలోకెల్లా పెద్ద నది కదా అని ఆన్‌లైన్ షాపుకి నది పేరు పెట్టారు. ప్రతి మాటకీ దాని ముందు మాటతోనే చుట్టరికం, ఆ షాపుకీ ఆ యోధులకీ నేరుగా ఏమీ లేదు. మధ్యలో నది సంగతి తెలియనివాళ్లకి ఇది అర్థంలేని పేరులాగే కనిపిస్తుంది.

ఇలా అతికించిన పేర్లలో కూడా అప్పుడప్పుడు గొప్ప అందం వస్తుంది, అది మాత్రం ఒప్పుకోవాలి. 1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగిన ప్రయాణం పేరు మెర్క్యురీ అట్లాస్ 6, మెర్క్యురీ ఆయన కూర్చున్న నౌక, అట్లాస్ దాన్ని మోసిన రాకెట్. మెర్క్యురీ రోమన్ల దూత, కాలు నిలవనివాడు. ఆకాశాన్ని మోసేవాడి భుజమెక్కి దూత బయల్దేరాడన్నమాట. అన్నట్టు మెర్క్యురీ కూడా మంచి ఉదాహరణే: దేవుడు, 88 రోజుల్లో సూర్యుణ్ణి చుట్టేసే గ్రహం, చేతికి చిక్కకుండా పరిగెత్తే లోహం, మూడింటికీ ఒకే గుణం. మనం ఆ గ్రహాన్ని బుధుడు అనీ లోహాన్ని పాదరసం అనీ విడిగా పిలుస్తాం, కానీ చురుకైనవాళ్లది పాదరసం లాంటి బుర్ర అంటాం కదా, మాట వేరైనా చూపు అదే.

వెన్నెల_చదువు

చాలా చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. రంగస్థలం సంగతి చెబితే మా వాడు ఆ పేరే బాగుందన్నాడు. బట్ట గురించి ఎవరూ చెప్పలేదే?

ఏండ్లు_ఏళ్లు

బట్టకి ఆ టైటాన్‌తో ఏ సంబంధమూ లేదండీ. అరబిక్‌లో అత్లస్ అంటే నున్ననిది, అందులోంచి నున్నటి మెరుపు పట్టుకి ఆ పేరు వచ్చింది, అదే ఉజ్బెక్‌లోకీ జర్మన్‌లోకీ వెళ్లింది. జర్మన్‌లో ఇప్పటికీ అట్లాస్ అంటే మ్యాపుల పుస్తకమూ శాటిన్ బట్టా రెండూ. ఇది ఒక మాటకి రెండు అర్థాలు కావడం కాదు, రెండు వేరువేరు మాటలు వచ్చి ఒకే గుమ్మం ముందు నిలబడడం. ఈ తేడా పట్టుకోకపోతే లేని సంబంధాలు అల్లుకుంటూ పోతాం. ఆన్‌లైన్‌లో మాటల పుట్టుక గురించి తిరిగే పోస్టుల్లో చాలావాటిలో జరిగే తప్పు ఇదే, చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

తెలుగులో దీనికి చక్కటి ఉదాహరణ ఏడు. ఏడు అంటే 7, ఏడు అంటే సంవత్సరం. సంవత్సరానికి ఏడు ఋతువులనో ఏడు వారాల లెక్కనో ఎవరైనా కథ అల్లేయొచ్చు, కానీ పాత పుస్తకాలు చూడండి. సంవత్సరం అనే అర్థంలో ఏఁడు అని అరసున్న పెట్టి రాసేవారు, అంకెకి అరసున్న లేదు. ఆ అరసున్న ఉన్నచోట ఒకప్పుడు నిండు సున్న పలికేది. బహువచనంలో అది ఇంకా బతికే ఉంది, పదేండ్లు నూరేండ్లు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కదా. తమిళం పక్కన పెట్టుకుంటే ఇంకా తేటగా తెలుస్తుంది, అక్కడ సంవత్సరం ఆండు, 7 ఏళు. రెండు మాటలు పలుకుబడిలో అరిగి అరిగి మన దగ్గర ఒక్కటైపోయాయి. అరసున్న రాయడం మానేశాక కంటికి కూడా తేడా మిగల్లేదు.

కాబట్టి వెనక్కి వెళ్లి చూడాలి. వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరైతే ఒకటే మాట, దూరమైతే రెండు మాటలు.

పాతపటాలు

అరసున్న సంగతి చదివి చాలా సంతోషమేసింది. కాకపోతే మీరు గీసిన గీత కొన్నిచోట్ల చెరిగిపోతుంది. ఇంగ్లీషులో బ్యాంక్ అంటే నది గట్టు, డబ్బు దాచే చోటు. నిఘంటువులు వీటిని రెండు వేరు మాటలుగా ఇస్తాయి. డబ్బు బ్యాంక్ ఇటలీ నుంచి వచ్చింది, అక్కడ వ్యాపారులు డబ్బు మార్చే బల్ల పేరు అది. అయితే ఇటలీ వాళ్లకి ఆ బల్ల మాట వచ్చింది పాత జర్మానిక్ భాషల నుంచే, నది గట్టు మాట పుట్టింది కూడా అక్కడే. చిన్నప్పుడే విడిపోయిన తోబుట్టువులు ముసలితనంలో ఒకే ఊళ్లో ఇరుగుపొరుగై, ఒకరినొకరు గుర్తుపట్టకుండా ఉంటున్నట్టు.

ద్విపద

తెలుగులో అడిగారు కాబట్టి నేను పాదం గురించి రాస్తాను, ఇది నాకు ఎన్నాళ్లుగానో ఇష్టమైన మాట.

పాదం అంటే కాలు. నాలుగు కాళ్ల జంతువుకి ఒక్క కాలంటే నాలుగో వంతు. అక్కడి నుంచి పాదం అంటే నాలుగో వంతు అనే అర్థం వచ్చింది. మనం రోజూ అనే పావు కూడా పాదం అరిగి వచ్చినదే. నాలుగు వరుసల పద్యంలో ఒక వరుస నాలుగో వంతు కాబట్టి అదీ పాదమే. ఒక్కో నక్షత్రానికి నాలుగు పాదాలు, 27 నక్షత్రాలకి 108. పాణిని వ్యాకరణంలో 8 అధ్యాయాలుంటే ఒక్కో అధ్యాయానికి నాలుగు పాదాలు. ఇంతవరకూ లెక్క ఎక్కడా తప్పలేదు.

ఇప్పుడు గాయత్రీ ఛందస్సు చూడండి, దానికి మూడే పాదాలు. తెలుగు ద్విపదకి రెండే. రెంటిలో ఒకటి సగమవుతుంది కానీ పావు ఎలా అవుతుంది? అయినా పాదం అనే అంటున్నాం, ఎవరికీ తేడాగా అనిపించదు. అంటే అప్పటికే పాదం అన్న మాట నాలుగో వంతుని వదిలేసి పద్యంలో ఒక వరుస అన్న అర్థంలో సొంతంగా నిలబడిపోయింది. ఎక్కివచ్చిన నిచ్చెన తీసేసినా పైన హాయిగా ఉంది. ఒక మాట అన్నిటికి పేరవడంలో నాకు అసలు కీలకం ఇక్కడే కనిపిస్తుంది: మొదటి పోలికని జనం మరిచిపోవాలి. కాలు గుర్తొస్తున్నంతకాలం రెండు పాదాల పద్యానికి ఆ మాట వాడడానికి నోరు వచ్చేది కాదు.

ఇంకోటి హరి. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఇలాంటి మాటల కోసమే నానార్థవర్గం అని ఒక భాగం ఉంది, అందులో హరికి యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని 13 అర్థాలిచ్చి, పైన ఒక రంగు కూడా చెప్పాడు. ఆ రంగే తాళంచెవి. వేదకాలం నుంచీ హరి అంటే పసుపు, పచ్చ, కపిల వన్నె కలిసిన రంగు. ఆ వన్నెతో సింహాన్నీ గుర్రాన్నీ చిలుకనీ కప్పనీ కిరణాన్నీ వరసగా కలిపేయొచ్చు. కానీ విష్ణువు దగ్గరికొచ్చేసరికి మనవాళ్లు పాపాలను హరించేవాడు అని వేరే ధాతువు పట్టుకుని చెబుతారు. ఒకే మాటలో రెండు దారాలు పెనవేసుకున్నాయి.

వెన్నెల_చదువు

ఇవన్నీ అమ్మకి చదివి వినిపించాను, పాదం దగ్గర రెండుసార్లు చదివించుకుంది. మా వాడు ఇప్పుడు అద్దం ముందు నిలబడి తల ఊపుతూ అట్లాస్ ఎక్కడ కదులుతుందో వెతుక్కుంటున్నాడు.

పాతపటాలు

అవును అన్నట్టు తల ఊపితే పుర్రె అట్లాస్ మీద ఊగుతుందని చెప్పండి. కాదు అన్నట్టు అడ్డంగా తిప్పితే మాత్రం అట్లాస్ తన కింది ఎముక మీద తిరుగుతుంది. ఆ రెండో ఎముక పేరు యాక్సిస్, అంటే బండి ఇరుసు. మన అక్షం, లాటిన్ యాక్సిస్ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. మీ వాడి మ్యాపుల పుస్తకంలో అడ్డగీతల పక్కన అక్షాంశాలు అని రాసి ఉంటుంది చూడమనండి.