అమెరికాలో డిగ్రీ: ఇంటి ఆదాయం చూసి సాయం చేసే కాలేజీలు పట్టుకోవడం ఎలా?

చేర్యాల_అన్న:
తమ్ముడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. అమెరికాలో బ్యాచిలర్స్‌కి అప్లై చేస్తానంటున్నాడు. నాన్న జీతం నెలకు 45 వేలు, ఊళ్లో మూడెకరాల పొలం. ఏడాదికి 3 లక్షలకు మించి పెట్టలేం. మెరిట్ స్కాలర్‌షిప్ సంగతి కాదు, ఇంటి పరిస్థితి చూసి మిగతాదంతా భరించే కాలేజీలు కావాలి. నెట్‌లో దొరికే లిస్టులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఏది నమ్మాలి?

లైబ్రరీ_మెట్లు:
ఆ లిస్టుల్లో చాలావరకు అమెరికా పౌరులకు వర్తించే పాలసీ చూసి రాసినవి, అందుకే ఆ గందరగోళం. మనవాళ్ల విషయంలో రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. సాయం అడిగితే సీటు అవకాశం తగ్గుతుందా? సీటిచ్చాక, వాళ్లు లెక్కగట్టిన అవసరం మొత్తం తీరుస్తారా?

సాయం అడిగినా సీటు మీద ప్రభావం ఉండదు అనేవి నీడ్ బ్లైండ్ కాలేజీలు. విదేశీ విద్యార్థుల విషయంలో కూడా ఇలా ఉంటూ, అవసరమంతా తీర్చేవి కొన్నే: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్. 2022లో డార్ట్‌మత్, బోడిన్ ఈ జాబితాలో చేరాయి. 2025లో చేరిన బ్యాచ్ నుంచి బ్రౌన్ కూడా.

నీడ్ అవేర్ కాలేజీలు మీరెంత అడుగుతున్నారో చూసే సీటు నిర్ణయిస్తాయి. కానీ వాటిలో కొన్ని, సీటిస్తే అవసరమంతా తీరుస్తాయి: స్టాన్‌ఫర్డ్, పొమోనా, స్వార్థ్‌మోర్, గ్రినెల్, మకాలెస్టర్, వాసర్, స్కిడ్‌మోర్ లాంటివి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థులకు ఆదాయాన్ని బట్టి సాయం దాదాపు ఉండదు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌ల మీద టైము పెట్టకండి.

ఒక్క జాగ్రత్త. ‘ముందు సాయం వద్దని టిక్కు పెడదాం, సీటొచ్చాక అడుగుదాం’ అనే సలహా ఇచ్చేవాళ్లుంటారు. నీడ్ అవేర్ కాలేజీల్లో ఇది బెడిసికొడుతుంది. అప్లికేషన్‌లో అడగని విదేశీ విద్యార్థికి తర్వాత ఇవ్వరు, చాలాచోట్ల నాలుగేళ్లూ అంతే.

అంకెల_పిచ్చి:
పేరున్న కాలేజీల దగ్గరే ఆగిపోకండి. కాలేజీ పేరు పక్కన ‘కామన్ డేటా సెట్’ అని కొట్టండి, కాలేజీ తన అంకెలు బయటపెట్టే పీడీఎఫ్ వస్తుంది. అందులో హెచ్6 అనే భాగం చూడండి. విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి కాలేజీ డబ్బు ఇచ్చిందో, సగటున ఎన్ని డాలర్లో అక్కడుంటుంది. బీ2లో విదేశీ విద్యార్థుల మొత్తం సంఖ్య ఉంటుంది. దాంతో పోల్చండి.

ఉదాహరణకు (అంకెలు ఊహించినవే) ఒక కాలేజీలో 300 మందిలో 250 మందికి సగటున 15,000 డాలర్లు, ఇంకోచోట 300లో 60 మందికి సగటున 65,000. మొదటిది చూడ్డానికి ఉదారంగా ఉంది కానీ అది అందరికీ ఇచ్చే డిస్కౌంట్, మీ 3 లక్షల బడ్జెట్‌కి అసలు అందదు. మీకు కావాల్సింది రెండోది. సీటు కష్టం, వస్తే నిలబడుతుంది. హెచ్2లో కనిపించే ‘అవసరంలో ఇంత శాతం తీర్చాం’ అనే అంకె చూసి మోసపోవద్దు, అందులో విదేశీ విద్యార్థుల లెక్క ఉండదు.

చేర్యాల_అన్న:
ఇద్దరికీ థాంక్సండీ. ఫారాల సంగతేంటి? నాన్నకు ఫారం 16 ఉంది, పొలం ఆదాయానికి కాగితమేమీ లేదు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 20 లక్షలు దీనికి వస్తాయా?

కాగితాల_కట్ట:
ఆ 20 లక్షల ఓవర్సీస్ పథకాలు పీజీ, ఆపై చదువులకే. బ్యాచిలర్స్‌కి రావు.

ఎక్కువ ప్రైవేటు కాలేజీలు అడిగేది సీఎస్‌ఎస్ ప్రొఫైల్, అంటే ఇంటి ఆదాయం, ఆస్తుల వివరాలు నింపే ఆన్‌లైన్ ఫారం. అక్టోబరు 1న తెరుస్తారు. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. పది కాలేజీలకు 169 డాలర్లు. కట్టడం కష్టమైతే ముందే కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి, కొందరు ఫీజు మాఫీ కోడ్ ఇస్తారు, కొందరు ఉచిత ఫారం చాలంటారు. కరెన్సీ రూపాయలని ఎంచుకుని అంకెలు డాలర్లలో వేస్తే జీతం 5,40,000కు బదులు ఆరేడు వేలు అయిపోతుంది. ఈ పొరపాటు మామూలే, అప్పుడు ఆఫీసు వాళ్లు ఫైలు ఆపి వివరణ అడుగుతారు.

అసలు చిక్కు పొలం దగ్గర. ఆస్తి కింద ఇవాళ అమ్మితే వచ్చే ధర అడుగుతారు, రిజిస్ట్రేషన్ విలువ కాదు. మూడెకరాలకు కోటి పలికే ఊళ్లున్నాయి. జీతం ఐదు లక్షలు, ఆస్తి కోటి అని చూస్తే అక్కడి అధికారికి అర్థం కాదు. అందుకని వివరణ డబ్బాలో రాయండి: ఏ పంట, ఎకరానికి ఖర్చులు పోను ఏడాదికి ఎంత మిగులుతుంది, పొలం మీద బ్యాంకు అప్పెంత, ఉమ్మడి ఆస్తయితే నాన్న వాటా ఎంత. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా, పన్ను లేని ఆదాయం గడిలో చూపాలి. పాస్‌బుక్ తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం జతచేయండి. అంకెలు ఏ ఆర్థిక సంవత్సరానివో కూడా రాయండి, వాళ్ల ఏడాది జనవరిలో మొదలవుతుంది.

లైబ్రరీ_మెట్లు:
ఆఫర్ లెటర్ వచ్చాక ఒక్క విషయం. ట్యూషన్, పుస్తకాలకిచ్చే గ్రాంటుకు పన్ను లేదు. హాస్టలు, భోజనానికిచ్చే భాగానికి ఉంది, ఎఫ్1 (స్టూడెంట్ వీసా) విద్యార్థులకు సాధారణంగా 14 శాతం ముందే పట్టుకుంటారు. ఆ భాగం ఏడాదికి 18,000 డాలర్లయితే 2,520 పోతుంది, అది కాలేజీ బిల్లుగా ఇంటికొస్తుంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది (2025కి 15,750 డాలర్లు). అక్కడి పన్ను రిటర్ను ఫారం 1040ఎన్‌ఆర్ వేస్తే చాలామటుకు తిరిగొస్తుంది. కానీ రిఫండ్ వచ్చేది మరుసటి ఏడాది, బిల్లు కట్టాల్సింది ఇప్పుడు. విమాన టికెట్, ఆరోగ్య బీమా సాయంలో కలిపారో లేదో కూడా మెయిల్‌లోనే అడగండి. ఆ జవాబు రాకుండా సీటు ఖాయం చేసుకోవద్దు.