అప్‌డేట్: మా అమ్మాయి బ్యాంకు ఖాతా

ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మా అమ్మాయికి సొంత ఖాతా ఇప్పుడే తెరవవచ్చా అని పోయిన నెల అడిగాను. దారి చూపిన అందరికీ కృతజ్ఞతలు.

పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకునేలా బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. పరిమితులు మాత్రం బ్యాంకుల ఇష్టం. మొదటి శాఖలో కుదరదన్నారు, రెండో చోట తెరిచారు. ఖాతాలో ఉన్నంతే తీయగలదు, అప్పు పుట్టదు. నాకు ఎంతో నచ్చిన సంగతి అదే.

ఫారం నింపే ముందు రోజు రాత్రి పాత నోటుబుక్కు వెనక పేజీ నిండా సంతకం సాధన చేసింది. బస్సు పాసు, రికార్డు పుస్తకాల డబ్బు అందులోనే వేశాను. ఇరవయ్యో తేదీకే 40 రూపాయలు మిగిలాయి. మళ్లీ వేయకుండా ఉండటం నాకే కష్టమైంది. ఈ నెల తనే లెక్క రాస్తోంది.

పద్దెనిమిది నిండాక కొత్తగా నమూనా సంతకం ఇవ్వాలి, గుర్తుంచుకోండి.