ఎగ్జూమా వదిలి వెళ్ళాలి: ఎప్పుడు, ఏ దారిన, ఏం చూసుకుని?

ఇసుకతిన్నె:

బహామాస్‌లోని ఎగ్జూమా దీవుల్లో, జార్జ్ టౌన్ ఎదురుగా స్టాకింగ్ ఐలండ్ పక్కన లంగరేసి ఉన్నాం. 36 అడుగుల తెరచాప పడవ, 5 అడుగుల 3 అంగుళాలు నీటి కింద ఉంటుంది, ఇద్దరమే మనుషులం. నాలుగు నెలలుగా లంగరు కదల్లేదు. జూన్ 1న తుఫాన్ల కాలం మొదలవుతుంది కాబట్టి మే 12న బయల్దేరి 18కల్లా మయామి చేరాలని లెక్క వేసుకున్నాం. ఏ దారి మంచిది? ఇన్నాళ్ళు కదలకుండా ఉన్న పడవలో ముందుగా ఏం చూడాలి? ఈ నీళ్ళకి మళ్ళీ ఎప్పుడొస్తామో తెలియదు. హడావిడిగా కాకుండా పద్ధతిగా సెలవు తీసుకుని కదలాలని ఉంది. ఒకరి దగ్గర గ్రీన్ కార్డు, ఇంకొకరికి హెచ్1బి.

పోటుపాటు:

ముందు ఆ 12, 18 తేదీలు కొట్టేయండి. ఈ దారిలో పడవలు దెబ్బతినేది ఎక్కువగా తేదీ వల్లే. ఫ్లైట్ బుక్ అయిందనో, ఎవరికో మాటిచ్చామనో, గాలి ఒప్పుకోని రోజున, బహామాస్‌కీ ఫ్లోరిడాకీ మధ్య పరుగెత్తే గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహంలోకి దిగుతారు. వీడ్కోళ్ళన్నీ మే మొదటి వారంలోనే ముగించేసుకోండి. అంగడి బాకీలు తీర్చడం, అరువు తెచ్చిన పనిముట్లు తిరిగివ్వడం, చివరి విందు, అన్నీ. ఆ తర్వాత ఉన్న ప్రతి రోజూ అదనపు రోజే. గాలి తిరిగిన మర్నాడు లంగరెత్తాలి, అంతే. చెప్పాల్సిన వాళ్ళు ఇంకా మిగిలి ఉంటే మంచి గాలి కళ్ళముందే దాటిపోతుంది.

ఇక దారి. మొత్తం 280 నాటికల్ మైళ్ళ పైచిలుకు. కాంక్ కే కట్ (కే అంటే చిన్న దీవి, కట్ అంటే దీవుల మధ్య ఇరుకు సందు) గుండా బయటపడి, తూర్పున లోతు నీళ్ళున్న ఎగ్జూమా సౌండ్‌లో వాయవ్యంగా సుమారు 35 మైళ్ళు వెళ్తే గాలియట్ కట్. అక్కడ బ్యాంకు మీదికి, అంటే దీవులకి పడమరన ఉన్న లోతు తక్కువ నీళ్ళలోకి, వచ్చేయండి. లోపలి వైపు నుంచి స్టేనియల్ కే, వార్డెరిక్ వెల్స్ మీదుగా హైబోర్న్ కే దాకా 55 మైళ్ళు ఉంటుంది. దీన్ని ఒక్క రోజులో ముగించకండి. మీరు సెలవు తీసుకోవాలనుకున్న నీళ్ళు ఇవే కదా, రెండు మూడు రాత్రులు ఇక్కడ ఆగండి.

కట్ దగ్గర జాగ్రత్త. ఆటుపోట్ల తేడా మూడడుగులే, కానీ బ్యాంకు మీది నీళ్ళన్నీ ఆ ఇరుకు సందుల్లోంచే పోవాలి. పాటు నీళ్ళు తూర్పుకి, సౌండ్‌లోకి పరుగెత్తుతాయి. ఎదురుగా తూర్పు గాలి 18 నాట్లు (గంటకి 18 నాటికల్ మైళ్ళు) ఉందంటే కట్ నోట్లో అలలు గోడల్లా నిలబడతాయి. పోటు చివరి గంటలో లోపలికి రండి. కట్‌లో నీళ్ళు ఆగే సమయం, నాసావ్ ఆటుపోట్ల పట్టికలో రాసిన సమయం ఒకటి కావు. అరగంట ముందే వెళ్ళి బయట నిలబడి కళ్ళతో చూసుకోండి.

హైబోర్న్ నుంచి నాసావ్ 35 మైళ్ళు, మధ్యలో యెల్లో బ్యాంక్ వస్తుంది. అక్కడక్కడా పగడపు బండలు పైకి లేచి ఉంటాయి. పొద్దున్నే చీకటితో బయల్దేరితే ఎండ పైకి రాకముందే వాటి మధ్య ఉంటారు. సూర్యుడు వెనకా నెత్తి మీదా ఉండే సమయానికి అక్కడ ఉండేలా చూసుకుని, ఒకరు ముందు నిలబడి నీళ్ళ రంగు చూస్తుండాలి. గోధుమ రంగు కనిపిస్తే పక్కకి తిప్పడమే. మబ్బు నీడ కూడా అచ్చం అలాగే ఉంటుంది గానీ అది కదులుతుంది, బండ కదలదు.

నాసావ్ నుంచి నార్త్‌వెస్ట్ ఛానల్ లైట్ దగ్గరికి సుమారు 50, అక్కణ్ణించి బ్యాంకు అడ్డంగా గన్ కే దాకా 60 పైన. తెల్లారే లోపు లైట్ దాటితే చీకటి పడేలోగా గన్ కే చేరతారు. మధ్యలో రాత్రి ఆగాల్సి వస్తే అందరూ నడిచే గీత మీద లంగరేయకండి. కనీసం మైలు పక్కకి తప్పుకుని, లంగరు దీపం వెలిగించాలి.

గల్ఫ్ స్ట్రీమ్ సంగతి. గన్ కే నుంచి మయామి గవర్నమెంట్ కట్‌కి సుమారు 45 మైళ్ళు. ప్రవాహం ఉత్తరానికి రెండున్నర, మూడున్నర నాట్లతో పోతుంది. గాలిలో ఉత్తరపు పాలు ఏ కొంచెం ఉన్నా దిగొద్దు. ప్రవాహానికి ఎదురు గాలి 15 నాట్లే అయినా అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఉత్తర గాలి ఆగిపోయాక కూడా ఒక పూర్తి రోజు ఆగి, ఆగ్నేయం లేదా దక్షిణ గాలి 10–15 నాట్ల మీద దాటండి. మే నెలలో ఉత్తర గాలిని తెచ్చే ఫ్రంట్లు పలచబడతాయి, కానీ బలహీనమైనది ఒక్కటి దిగివచ్చినా ఈ లెక్క తప్పుతుంది.

బిమినీ కన్నా గన్ కే ఎందుకంటున్నానంటే, మయామి గన్ కే కన్నా 12 మైళ్ళు ఉత్తరాన ఉంది. పడవ వేగం 6 నాట్లు, ప్రవాహం సగటున 2.5 అనుకోండి. ఏడున్నర గంటల్లో ప్రవాహం మిమ్మల్ని 18 మైళ్ళకి పైగానే ఉత్తరానికి నెడుతుంది. అందులో 12 మీకు కావాల్సినవే. మిగతా 6 మైళ్ళ పైచిలుకు కోసం నేరు పడమరకి ఎనిమిది డిగ్రీలు దక్షిణంగా, అంటే 262 డిగ్రీలు పట్టుకుంటే చాలు. బిమినీ నుంచైతే ఆ కోణం సుమారు 20 డిగ్రీలు అవుతుంది. ఆటోపైలట్‌ని గీత మీద ఉండమని చెప్పకండి. ప్రవాహం బలంగా ఉన్న చోట అది మూతిని బాగా దక్షిణానికి తిప్పేసి, ఉన్న వేగం కాస్తా తినేస్తుంది. ఒకే దిశ పట్టుకుని సాగండి, తెర మీద మీ దారి విల్లులా వంగినా కంగారు పడొద్దు. దిక్సూచి తేడా అక్కడ సుమారు ఏడు డిగ్రీలు పడమరకి, అది కలుపుకోండి.

డీజిల్‌వాసన:

పోటుపాటు గారి మాటకి నాదొకటి కలుపుతాను. నాలుగు నెలలు కదలని పడవలో మొదట దెబ్బకొట్టేది డీజిల్ ట్యాంకు. అడుగున పేరుకున్న మడ్డి నిశ్చలంగా ఉన్నంత కాలం ఏమీ చేయదు. సౌండ్‌లో మొదటి గంట ఊపుకి అది లేచి ఫిల్టర్ మూసేస్తుంది. ఇంజను ఆగేది సరిగ్గా కట్ నోట్లో, ఎందుకంటే దాన్ని గట్టిగా వాడేది అక్కడే. ఇప్పుడే ట్యాంకు అడుగు నుంచి చేతి పంపుతో రెండు మూడు లీటర్లు సీసాలోకి లాగి చూడండి. నల్లటి నాచులాంటిది వస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా లాగుతూనే ఉండాలి. తోడింది నీళ్ళలో పోయకండి, డబ్బాలో పట్టి ఒడ్డుకి చేర్చండి. మొదటి ఫిల్టర్లు కనీసం నాలుగు, ఇంజను మీది రెండో ఫిల్టర్లు రెండు, ఇంపెల్లర్ (నీళ్ళ పంపులోని రబ్బరు చక్రం) ఒకటి చేతికందే చోట పెట్టుకోండి. ఫిల్టర్ మార్చి గాలి తీసే పని లంగరు మీద ఉండగానే ఒకసారి ఇద్దరూ చేసి చూడాలి.

తర్వాత నీటి కింద భాగం. ప్రొపెల్లర్ మీద నత్తగుల్లల పొర కొంచెమే ఉన్నా వేగం పోయి ఇంజను వేడెక్కుతుంది. గీకడం అయ్యాక, సముద్రపు నీరు ఇంజనుకి వచ్చే రంధ్రంలోకి కూడా పుల్ల పెట్టి చూడండి. ఆపైన లంగరు మీదే రివర్స్ గేర్‌లో 20 నిమిషాలు మధ్యస్థ వేగంతో నడపండి. ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి, వెనక గొట్టంలోంచి నీళ్ళు ధారాళంగా పడాలి. ఖాళీ గేర్‌లో గంట నడిపినా తెలియని జబ్బు ఇందులో బయటపడుతుంది.

ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం ఉంటే చివరి ట్యాంకు బ్యాంకు మీద శుభ్రమైన నీళ్ళలోనే నింపుకోండి. మయామిలో నూనె తేలే నీళ్ళని దానికి పట్టొద్దు. రెండు వారాలకు మించి ఆపేస్తే తయారీదారు చెప్పిన మందు ఎక్కించి నిద్రపుచ్చాలి. ఫ్లోరిడా కుళాయి నీళ్ళతో కడగాలంటే బొగ్గు ఫిల్టర్ గుండానే, క్లోరిన్ యంత్రంలోని మెంబ్రేన్‌ని (వడపోత పొరని) తినేస్తుంది.

డింగీని (ఒడ్డుకి వెళ్ళే చిన్న పడవని) వెనక వేలాడదీసి స్ట్రీమ్ దాటొద్దు. డెక్ మీద బోర్లించి కట్టండి, మోటారు విడిగా. డెక్ పొడవునా కట్టుకునే పట్టీలు (మన నడుము తాడు తగిలించుకునేవి) ఎండకి ఎంత పెళుసయ్యాయో గోటితో గీరి చూడండి. పొడి రాలితే కొత్తవి వేయాల్సిందే. లంగరు మీద ఇల్లులా బతికిన పడవలో గిన్నెలు, పుస్తకాలు, సీసాలు అన్నీ వదులుగా ఉంటాయి. తలుపుల గొళ్ళేలు, స్టవ్ గడియ, నేల పలకలు కూడా చూసుకోండి.

తీరంబాట:

కాగితాల గురించి. హెచ్1బి వారి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు ఈ రోజే తీసి చూడండి. పాత స్టాంపుతో తిరిగి వచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ సౌకర్యం హెచ్1బి వారికి కెనడా, మెక్సికో చిన్న ప్రయాణాలకే. చుట్టుపక్కల దీవులకి వర్తించేది ఎఫ్, జె (విద్యార్థి, ఎక్స్ఛేంజ్) వీసాలవారికే. గడువు దాటి ఉంటే ఆ ఒక్కరు పడవలో మయామి రావడం కుదరదు. ముందు కాన్సులేట్ దారి వెతకాలి. మన తెలుగువాళ్ళలో ఈ పొరపాటుకి అవకాశం ఎక్కువ, ఐ-797 (హెచ్1బి ఆమోద పత్రం) చేతిలో ఉంది కదా అనుకుంటారు.

పడవ 30 అడుగులు దాటింది కాబట్టి ఆ ఏడాది కస్టమ్స్ డెకల్ (స్టిక్కరు) కావాలి. అమెరికా సరిహద్దు శాఖ వారి సీబీపీ రోమ్ యాప్‌లో ఇద్దరి వివరాలు, పడవ వివరాలు జార్జ్ టౌన్‌లో సిగ్నల్ ఉండగానే ఎక్కించండి. పసుపు జెండా ఎగరేసి, చేరగానే కబురు పెట్టాలి. అనుమతి వచ్చేదాకా ఎవరూ దిగకూడదు. పండ్లు, గుడ్లు, మాంసం ముందే వండుకు తినేయండి, అక్కడ తీసేసుకుంటారు.

ఇసుకతిన్నె:

స్టాంపు గడువు అక్టోబరు దాకా ఉంది, ప్రాణం లేచొచ్చింది. తేదీలు కొట్టేశాం. ఒక మాట: గుర్తుగా శంఖాలు తీసుకెళ్ళొచ్చా?

పోటుపాటు:

వద్దండి. ఎగ్జూమా కేస్ ల్యాండ్ అండ్ సీ పార్క్ 1958 నుంచి ఉంది. దాని హద్దుల్లో ఖాళీ గుల్ల కూడా తీయకూడదు, వార్డెరిక్ వెల్స్ అందులోదే. బయట దొరికిన క్వీన్ కాంక్ శంఖాలకి కూడా సరిహద్దు దగ్గర నియమాలు ఉన్నాయి. 2024లో అమెరికా ఆ జీవిని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. ఖాళీ శంఖంలోకి ఎండ్రకాయో ఆక్టోపస్సో చేరుతుంది, అక్కడే ఉండనివ్వండి. గుర్తు కావాలంటే, మీరు లంగరేసిన ప్రతి చోటు లోతు, అడుగు ఇసుకా గడ్డా, ఏ గాలికి నీడ ఇస్తుందో రాసిన పుస్తకం ఉంటుందిగా. దానికి నకలు తీసి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇచ్చేయండి, అసలు మీ దగ్గర ఉంటుంది.

పొద్దున ఎనిమిదికి రేడియో ఛానల్ 72 మీద నెట్‌లో (పడవలవాళ్ళ రోజువారీ కబుర్లలో) బయల్దేరేవాళ్ళ వంతు వచ్చినప్పుడు, వెళ్ళే రోజున కాదు, వారం ముందే చెప్పండి. మీకు అక్కర్లేని తాళ్ళు, విడిభాగాలు ఎవరికి కావాలో అప్పుడు తెలుస్తుంది, వాళ్ళే వచ్చి పట్టుకెళ్తారు.

డీజిల్‌వాసన:

చివరి మాట. బయల్దేరే పొద్దునే మొదటిసారి లంగరెత్తకండి. నాలుగు నెలల చెయిన్ మీద పాచి, గుల్లలు అరచేయి మందం ఉంటాయి. అవి విండ్‌లాస్ (లంగరెత్తే యంత్రం) పళ్ళలో ఇరుక్కుని చెయిన్ జారుతుంది, పెట్టెలో కుళ్ళి పడవంతా కంపు కొడుతుంది. రెండు రోజుల ముందు నీళ్ళు నిశ్చలంగా ఉన్న పొద్దున మొత్తం పైకి తీయండి. ఒకరు బటన్ మీద, ఒకరు గట్టి బ్రష్, బకెట్ పట్టుకుని, ఒక్కో మీటరు. లంగరుని చెయిన్‌కి కలిపే షాకిల్ పిన్ అరిగిందేమో, దానికి కట్టిన తీగ ఉందో లేదో చూసి మళ్ళీ వేయండి. దానికి రెండు గంటలు పడుతుంది, ఎండ ఎక్కకముందే మొదలెట్టండి.