ఇంట్లో పెట్టిన బీరు నుంచి కుళ్లిన గుడ్ల కంపు: పారబోయాలా?

అందరికీ నమస్కారం. ఈ దేశానికి కొత్తగా వచ్చాను. కిట్ కొని మొదటిసారి లాగర్ (చల్లగా పులియబెట్టే రకం బీరు) పెట్టాను. నిన్నటి నుంచి అల్మారా తలుపు తీస్తే చాలు, కుళ్లిన గుడ్ల కంపు. అద్దె ఇల్లు, పక్కవాళ్లు ఏమంటారోనని టెన్షన్. మొత్తం పారబోయమంటారా?

*

పారబోయకు తమ్ముడూ. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఈస్ట్ జోరుగా పనిచేసేటప్పుడు ఆ వాయువు రావడం మామూలే, లాగర్ ఈస్ట్‌తో ఇంకాస్త ఎక్కువ. పైకి వచ్చే కార్బన్ డయాక్సైడ్ దాన్ని తనతోపాటు బయటికి లాక్కుపోతుంది. నీ ముక్కుకు తగులుతున్నది బీరును వదిలిపోతున్న వాసన. చాలాసార్లు దానంతట అదే తగ్గిపోతుంది.

అసలు ఎయిర్‌లాక్ (వాయువును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని బిరడా) దగ్గర వాసన చూసి బీరు సంగతి తేల్చకూడదు. పులియడం నెమ్మదించాక, శానిటైజ్ చేసిన గొట్టంతో కాస్త గ్లాసులోకి తీసి చూడు. తీసింది మళ్లీ ఫెర్మెంటర్‌లో, అంటే బీరు పులుస్తున్న పాత్రలో పోయకు. పచ్చి యాపిల్ వాసన వస్తే బీరు ఇంకా తయారవలేదన్నమాట, ఈస్ట్ మీదే మరికొన్నాళ్లు ఉంచు.

లాగర్‌లో నేను ఎక్కువ పట్టించుకునేది వెన్న వాసన, అంటే డైఎసిటైల్. పులియడం చివరికొచ్చాక 18 డిగ్రీల దాకా వెచ్చబరిచి రెండు మూడు రోజులు ఉంచితే ఈస్టే దాన్ని లాగేసుకుంటుంది. పోయిందో లేదో తెలియాలంటే రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం తీసి మూతపెట్టు. ఒకదాన్ని 60 డిగ్రీల వేడి నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండూ పక్కపక్కనే వాసన చూడు. వేడి చేసినదాంట్లో వెన్న వాసన తగిలితే సీసాలకు ఎత్తడానికి ఇంకా టైముంది. బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ రీడింగ్ కూడా రెండు మూడు రోజులు కదలకుండా ఉండాలి.

*

అన్నయ్య చెప్పింది సరైనదే. నేను నీళ్ల గురించి చెబుతాను, కొత్త ఊళ్లో చాలామంది దెబ్బతినేది అక్కడే. ప్లాస్టర్ పట్టీలాంటి, ఆసుపత్రి లాంటి వాసన వచ్చిందంటే అది క్లోరోఫినాల్, నీళ్లలోని క్లోరిన్ వల్ల తయారయ్యేది. ఎన్నాళ్లు ఉంచినా పోదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ కలుపుతారా, క్లోరమైనా అని నీటి సరఫరా వాళ్లను అడుగు. క్లోరిన్ మరిగిస్తే పోతుంది, క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. రెండింటినీ పోగొట్టే క్యాంప్‌డెన్ మాత్ర (సల్ఫైట్ మాత్ర) ఒక్కటి సుమారు 75 లీటర్లకు సరిపోతుంది. సామాను కడగడానికి బ్లీచ్ వాడకపోవడమే మంచిది. వెనిగర్ ఘాటు వచ్చినా వెనక్కి తేలేం. దాన్ని చేసే బ్యాక్టీరియాకు గాలి కావాలి, కాబట్టి ఊరికే మూత తీసి చూడొద్దు.

ఇంకో మాట. మూసిన అల్మారాలోంచి ముందు బయటికి తియ్యి. 19 లీటర్ల బ్యాచ్ పులిస్తే వందల లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చలికి కిటికీలన్నీ బిగించిన చిన్న గదిలో అది మంచిది కాదు. ఫెర్మెంటర్‌లోకి తల వంచి పీల్చడం అసలే వద్దు. ఎయిర్‌లాక్ బదులు పొడవాటి గొట్టం బిగించి, రెండో కొస కిటికీ దగ్గర నీళ్ల సీసాలో ముంచి ఉంచు. పక్కవాళ్ల గొడవా ఉండదు.

డబ్బా మీద లాగర్ అని ఉన్నా లోపల ఏల్ (వెచ్చగా పులియబెట్టే రకం బీరు) ఈస్ట్ పెట్టే కిట్లు చాలా ఉన్నాయి. ఏల్‌కు 18 నుంచి 22 డిగ్రీలు కావాలి, అసలు లాగర్‌కు 9 నుంచి 13 చాలు. ఈస్ట్ ప్యాకెట్ మీద ఏం రాశారో, ఫెర్మెంటర్ ఉన్నచోట ఎన్ని డిగ్రీలుందో చూసి చెప్పు.