నెట్ మీద గవర్నమెంట్ కంట్రోల్ ఉండాలా, వద్దా?

గూటిపక్షి:
ఫేక్ వార్తలు, మోసాలు చూస్తే ఎవరో ఒకరు పగ్గాలు పట్టుకోవాలి అనిపిస్తుంది, కానీ అవి గవర్నమెంట్ చేతికిస్తే రేపు నచ్చని మాట అన్నోడి నోరు కూడా వాటితోనే కట్టేస్తారేమో అని భయం. మీరేమంటారు?

చదువరి:
అన్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా బ్రదర్. యూరప్‌లో 2018లో అమల్లోకొచ్చిన జీడీపీఆర్ అనే చట్టం చూడండి, జనాల డేటాని కంపెనీలు ఎలా వాడాలో చెప్తుంది, తప్పితే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా ఫైన్. అది నోరు మూయించే చట్టం కాదు కదా, ఇలాంటివి ఇంకా రావాలి.

మొండిఘటం:
అసలు గొడవ డేటా కాదండీ, మాట. జర్మనీ 2017లో ఒక చట్టం చేసింది, 2024 దాకా నడిచింది, ఫిర్యాదు వచ్చాక స్పష్టంగా చట్టవిరుద్ధం అనిపించే పోస్టుని 24 గంటల్లో తీసేయాల్సి వచ్చేది, ఆ పద్ధతి సరిగ్గా నడపకపోతే 5 కోట్ల యూరోల దాకా ఫైన్ ఉండేది. అలాంటప్పుడు కంపెనీవాడు ఏం చేస్తాడు? ఉంచితే ఫైన్, పీకేస్తే ఏ నష్టం లేదు, డౌట్ వచ్చిన ప్రతిదీ పీకేస్తాడు. మన ఐటీ చట్టంలో ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే సెక్షన్ 66ఏ కథ తెలిసిందేగా, "తీవ్ర అభ్యంతరకరం" అంటే ఏంటో ఎవరికీ తెలీదు, అయినా అరెస్టులు జరిగాయి, 2015లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా.

నడిమింటోడు:
ఇద్దరూ కరెక్టే 😄 అమెరికాలో 1996 నాటి సెక్షన్ 230 వల్ల యూజర్ రాసినదానికి సైటుని బాధ్యుణ్ణి చేయరు, అది లేకపోతే కామెంట్ బాక్స్ పెట్టే ధైర్యం ఎవరికుండేది. నా లెక్కలో అయితే కోర్టు ఆర్డర్ లేకుండా ఏదీ తీయించకూడదు.

గూటిపక్షి:
మరి కోర్టు తేల్చేలోపు ఆ అబద్ధం ఊళ్లు తిరిగొస్తే?