నల్ల కారుకు మొదటిసారి వాక్స్ వేయాలి: ఏం కొనాలి?

ప్రశ్న
నమస్కారం. మేము గుంటూరులో ఉంటాము. ఆరు నెలల క్రితం నల్ల కారు కొన్నాము. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులిపి, ఆ తరువాత ఒక బకెట్ బోరు నీళ్లతో తుడుస్తాడు. ఇప్పుడు ఎండలో చూస్తే బానెట్ మీద సాలెగూడులాంటి సన్నని గీతలు, తలుపుల మీద తెల్లటి నీటి మచ్చలు కనిపిస్తున్నాయి. దుకాణంలో అడిగితే రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్, వాక్స్, సిరామిక్ కోటింగ్ అని నాలుగు డబ్బాలు ముందు పెట్టారు. దేనితో మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

జవాబు 1
ఆ గీతలు వాక్స్ లేకపోవడం వల్ల రాలేదండీ, పొడిగుడ్డ వల్ల వచ్చాయి. గుడ్డ కింద చిక్కుకున్న ఇసుక రేణువు గరుకు కాగితంలా పనిచేస్తుంది. రంగును కాపాడే పారదర్శక పై పొర, అంటే క్లియర్ కోట్, మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ ఉంటుంది. కాంపౌండ్ ఆ పొరనే అరగదీసి గీతను మాయం చేస్తుంది కాబట్టి, చెయ్యి తిరగకముందే ఆ డబ్బా జోలికి వెళ్లకండి. ముందు కారు షాంపూ, రెండు బకెట్లు, మైక్రోఫైబర్ గ్లవ్, మందపాటి మైక్రోఫైబర్ తువ్వాళ్లు కొనండి. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండో దానిలో గ్లవ్ జాడించుకోవడానికి మంచినీళ్లు ఉంచి, పైనుంచి కిందికి కడగండి. అంట్లు తోమే సబ్బు వాడకండి, అది కారుకు వేసిన వాక్స్‌ను కూడా వదలగొడుతుంది. రోజూ పొడిగా తుడవవద్దని వాచ్‌మన్‌కు నచ్చజెప్పడం మాత్రం అన్నిటికంటే ముఖ్యం.

జవాబు 2
వాక్స్ సంగతి నేను చెబుతాను. కార్నూబా అనేది బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం. నల్ల రంగు మీద దాని మెరుపు నాకు చాలా ఇష్టం, కానీ మన ఎండలకు కొన్ని వారాలకే పలచబడుతుంది. సింథటిక్ సీలెంట్, అంటే వాక్స్‌లాగే పూసే కృత్రిమ పూత, నెలల తరబడి నిలుస్తుంది, పూయడమూ తేలిక, కాబట్టి మొదటిసారికి అదే తీసుకోండి. సిరామిక్ కోటింగ్ కింద ఉన్న గీతలు అలాగే ఉండిపోతాయి కనుక ఇప్పుడే వద్దు. నీడలో, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలినప్పుడు, ఒక్కొక్క భాగానికే పలచగా పూయండి. మసకగా ఆరిన తరువాత వేలితో ఒక గీత గీస్తే శుభ్రంగా మెరవాలి, అప్పుడు తుడవండి. నల్ల ప్లాస్టిక్‌కు అంటితే తెల్ల మరక పడుతుంది, ముందే టేపు అంటించుకోండి.

జవాబు 3
నీటి మచ్చలు బోరు నీటిలోని సున్నం వల్ల వస్తాయి. వాటి మీద వాక్స్ వేస్తే అవి లోపలే ఉండిపోతాయి. వెనిగర్‌లో అంతే శుద్ధజలం కలిపి, నీడలో, గుడ్డతో ఒక నిమిషం అద్ది బాగా కడిగేయండి. ఇకమీదట కడిగిన వెంటనే, నీళ్లు ఆరకముందే తువ్వాలుతో అద్దండి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మీరు చెప్పినట్టే కడిగాను. మచ్చలు చాలావరకు పోయాయి. అయితే బానెట్ మీద చెయ్యి ఆనిస్తే ఇంకా రవ్వలా గరుకుగా తగులుతోంది. ఇలాగే వాక్స్ వేయవచ్చా?

జవాబు 2
ఆగండి. అది అంటుకుపోయిన మురికి. క్లే బార్ (మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) ముక్కను షాంపూ నీళ్లతో తడుపుతూ, నొక్కకుండా జార్చండి. కింద పడిన ముక్కను మళ్లీ వాడవద్దు. పలచటి ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి తడిమి చూస్తే మిగిలిన గరుకు స్పష్టంగా తెలుస్తుంది. అద్దంలా నున్నగా తగిలిన తరువాతే సీలెంట్ పూయండి.