పాత విమాన విన్యాసాల డాక్యుమెంటరీలు ఎక్కడ చూడవచ్చు?

1973 నాటి ‘ది గ్రేట్ అమెరికన్ కౌబాయ్’ చూసినప్పటి నుంచి పాత సాహస డాక్యుమెంటరీల మీద మనసు పడింది. లారీ మహాన్, ఫిల్ లైన్ అనే ఇద్దరు కౌబాయ్‌ల రోడియో (గుర్రాలు, ఎద్దుల మీద సవారీ వంటి పందేలు) పోటీ చుట్టూ అల్లిన ఆ చిత్రానికి ఆస్కార్ కూడా దక్కింది. రోడియో ఎద్దు సవారీలో, ఎగిరెగిరి కుదిపే ఎద్దు మీద ఒంటిచేత్తో తాడు పట్టుకుని ఎనిమిది సెకన్లు నిలవాలి. రెండో చెయ్యి ఎద్దుకు తగిలిందా, ఆ సవారీ లెక్కలోకి రాదు!

విమాన విన్యాసాల మీద కూడా అంత గొప్ప చిత్రాలు ఉన్నాయా? 1920లలో కర్టిస్ జెన్నీ విమానాల రెక్కల మీద మనుషులు నడిచిన దృశ్యాలు నాకు ముక్కలుగానే దొరుకుతున్నాయి. (మొదటి ప్రపంచ యుద్ధంలో శిక్షణకు వాడిన విమానాలవి, తర్వాత చవకగా అమ్మేశారు.) నటులతో తీసినవి వద్దు. అసలు పైలట్లే కనిపించే, 1980కి ముందరి డాక్యుమెంటరీలు కావాలి. పూర్తి నిడివి ప్రతులు ఏ ఆర్కైవ్‌లో ఉన్నాయో తెలిసినవారు దయచేసి చెప్పండి.